ముందు బకెట్లు లెక్కపెట్టండి

ప్రశ్న: మాది తిరుపతి ఎం.ఆర్.పల్లిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. మా ఫ్లాటు రెండో అంతస్తులో ఉంది. రెండు పడక గదులు, రెండు స్నానాల గదులు. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, 74 ఏళ్ల మా అత్తగారు ఉంటాం. ఇప్పటిదాకా బకెట్లో కరెంటు రాడ్డు పెట్టుకునే నీళ్లు కాచుకుంటున్నాం. ధనుర్మాసం నెల రోజులూ అత్తగారికి తెల్లవారుజామున నాలుగింటికే స్నానం కావాలి. సోలార్ వాటర్ హీటర్ పెట్టిద్దామని ఒక డీలరును పిలిస్తే, 200 లీటర్లది వేసుకోమన్నాడు. పైపులతో కలిపి 36,000 రూపాయలు అవుతుందని, సూర్యఘర్ పథకం కింద సబ్సిడీ వస్తుందని చెప్పాడు. 2,000 అడ్వాన్సు ఇచ్చేశాం. ఇప్పుడేమో మా అసోసియేషన్ సెక్రటరీ మిద్దె మీద పెట్టనివ్వనంటున్నారు. ఐదో అంతస్తువాళ్లు మాత్రం మేమూ పెట్టించుకుంటామని ఉత్సాహంగా ఉన్నారు. ట్యూబులది మంచిదా, పలకలది మంచిదా? మిద్దె మీద పెట్టుకునే హక్కు మాకు ఉందా? అసలు మాలాంటి చిన్న ఫ్లాటుకు ఇది పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటికన్నా ముందు, అడగని సంగతి ఒకటి చెప్పాలి. 74 ఏళ్ల పెద్దావిడ, ఇంకా తెల్లవారని వేళ, తడి నేల మీద నిలబడి, బకెట్లో వేలాడుతున్న కరెంటు రాడ్డు బయటికి తీస్తున్నారు. సోలార్ వచ్చినా రాకపోయినా ఆ పని ఈ రోజుతో ఆగిపోవాలి. రాడ్డు ఎక్కడో సన్నగా చిట్లితే కంటికి కనబడదు, వేడి చూడటానికి నీళ్లలో చెయ్యి పెట్టినప్పుడు తెలుస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మీటరు నుంచి ఇంట్లోకి వచ్చే లైను మీద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూపించుకోండి. దాని మీద పరీక్ష కోసం చిన్న మీట ఉంటుంది. నొక్కగానే ఇంట్లో కరెంటు ఠక్కున పోవాలి. పోలేదంటే అది ఉన్నా లేనట్టే. ఎంసీబీ ఉంది కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఎంసీబీ తీగ కాలిపోకుండా చూస్తుంది, అంతవరకే దాని పని. మనిషికి షాకు తగిలితే లైను కొట్టేసేది ఆర్‌సీసీబీయే.

ఇక సోలార్ సంగతి. మీ ఇంటికి, మీరొక్కరే, ఆ డీలరు చెప్పిన పద్ధతిలో అయితే వద్దు అంటాను. సోలార్ అంటే నాకు పడదనుకోకండి. పదకొండేళ్లుగా మా మిద్దె మీద వంద లీటర్లది ఒకటి ఉంది, దాన్ని ఎవరైనా ఒక మాట అంటే నాకు కోపం వస్తుంది. కానీ మాది విడి ఇల్లు. ట్యాంకు కింద మిద్దె, మిద్దె కింద స్నానాల గది. మీ ఇంటికి, ఆ ట్యాంకుకు మధ్య మూడు సంసారాలు ఉన్నాయి. అక్కడే లెక్క మారిపోతుంది.

డీలర్లు మనుషులను లెక్కపెడతారు. ఐదుగురు, తలకు 40 లీటర్లు, మొత్తం 200. మీరు బకెట్లు లెక్కపెట్టండి. మామూలు స్నానం బకెట్లో పట్టేది 20 లీటర్లు. జనవరిలో మీ ట్యాంకు నీళ్లు 24 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. ఒంటికి హాయిగా ఉండేది 40. సోలార్ ట్యాంకులో నీళ్లు 60 డిగ్రీలు ఉంటే బకెట్లో వాటి వాటా 9 లీటర్లే, మిగతా 11 చన్నీళ్లు. ఐదుగురికి 45 లీటర్ల వేణ్ణీళ్లు. ఎవరైనా తలంటుకునే రోజు ఇంకో బకెట్ వేసుకోండి. జిడ్డు గిన్నెలకు వంటింట్లో పది లీటర్లు వాడతారనుకోండి. అయినా 65 దాటడం లేదు. ఆ 200 ఎవరి కోసమో డీలరునే అడగాలి. షవరు కింద పావుగంట నిలబడే అలవాటున్న ఇల్లయితే వేరు సంగతి, అక్కడ ఒక్కో స్నానానికి ఐదారు బకెట్లు పోతాయి. రాడ్డుతో కాచుకుంటున్నారంటే మీది బకెట్ సంసారమే అనుకుంటున్నాను.

ఇవే నీళ్లు కరెంటుతో కాచితే ఎంతవుతుంది? లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఒక కిలో క్యాలరీ కావాలి. ఒక యూనిట్ కరెంటులో 860 కిలో క్యాలరీలు ఉంటాయి. 20 లీటర్లను 24 నుంచి 40కి తేవాలంటే 320 కిలో క్యాలరీలు, అంటే బకెట్‌కు 0.37 యూనిట్. ఐదు బకెట్లకు రెండు యూనిట్లు కూడా కాదు. గీజరు ఒంటి నుంచి ఊరికే పోయే వేడి కూడా కలిపి రెండున్నర అనుకుందాం. తిరుపతిలో వేణ్ణీళ్లు నిజంగా కావలసింది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, 120 రోజులు. మొత్తం 300 యూనిట్లు. 2022లో వచ్చిన స్లాబుల ప్రకారం మన రాష్ట్రంలో ఇళ్లకు 126 నుంచి 225 యూనిట్ల మధ్య యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 మధ్య 8.75 రూపాయలు. మీ బిల్లు ఏ స్లాబులో పడుతుందో చూసుకోండి. ఎలా చూసినా ఏడాదికి 1,800 నుంచి 2,600 రూపాయల మధ్య తేలుతుంది. ఈ లెక్కన మీ 36,000 తిరిగి రావడానికి 14 నుంచి 20 ఏళ్లు పడుతుంది. బోరు నీళ్ల మీద ఇరవై ఏళ్లు బతికిన ట్యాంకును నేనింతవరకు చూడలేదు.

పైగా ఈ లెక్కలో సోలార్ ఒక్కరోజు కూడా మొరాయించదని అనుకున్నాం. మొరాయిస్తుంది, అదీ మన ఊళ్లో సరిగ్గా అవసరమైన రోజుల్లోనే. హైదరాబాదువాళ్లకు పెద్ద వానలు సెప్టెంబరుకల్లా చాలావరకు అయిపోతాయి. చలికాలం వచ్చేసరికి ఆకాశం కడిగినట్టు ఉంటుంది. మనకు అలా కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే మూడు నాలుగు రోజులు సూర్యుడి ముఖం కనబడదు. 2021 నవంబరులో ఊరంతా నీట మునిగిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అప్పుడు మా సోలార్ కుళాయి తిప్పితే వచ్చింది ఉత్త వాననీటి చలువే. మే నెలకు వస్తే, మధ్యాహ్నం మామూలు ట్యాంకు నీళ్లే చెయ్యి పెట్టనివ్వవు. ఆ రోజుల్లో సోలార్‌లో నీళ్లు మరిగి మరిగి గాలి గొట్టంలోంచి ఆవిరి బుసలు కొడుతుంటుంది, అడిగే నాథుడుండడు. నడుమ మబ్బు లేని డిసెంబరు, జనవరి రోజులు చాలానే దొరుకుతాయి. ఆ రోజుల్లో రెండు చదరపు మీటర్ల పలక పెట్టుకుంటే వంద లీటర్లు సాయంత్రానికి 60 డిగ్రీలకు చేరతాయి. ఆ సుఖం నేను అనుభవిస్తున్నదే, కాదనను. కానీ వాన రోజుల కోసం పక్కన గీజరో, ట్యాంకులోనే కరెంటు కాయిలో తప్పదు. ఆ ఖర్చు మీ డీలరు 36,000లో ఉందా? అడిగి చూడండి.

ట్యాంకులో కాయిల్ ఉంటే చాలుగా అంటారు. దాని స్విచ్ ఎప్పుడూ వేసి ఉంచే ఇళ్లు నాకు తెలుసు. రాత్రంతా కరెంటే ట్యాంకు మొత్తాన్ని కాచి పెడుతుంది, పొద్దున ఎక్కే ఎండకు చేయడానికి పని మిగలదు. నెల తిరిగేసరికి బిల్లు చూసి సోలార్‌ను తిడతారు.

తిరుమలలో 2002లో వంద పైచిలుకు అద్దాల డిష్‌లు పెట్టి, ఎండతో ఆవిరి పుట్టించి అన్నప్రసాదం వండిన కథ డీలర్లందరికీ కంఠతా వచ్చు. మీకూ చెప్పే ఉంటాడు. అక్కడ ఏడాది పొడవునా రోజూ వేలమందికి వండాలి. వేడి పుట్టింది పుట్టినట్టే గుండిగల్లోకి పోతుంది. మీ ఇంట్లో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఆ వేడిని ఏం చేసుకుంటారు?

ఇక అసలు చిక్కు పైపు. పోయిన సంక్రాంతికి కొర్లగుంటలో మా పిన్ని వాళ్ల ఫ్లాటుకు వెళ్లాను. వాళ్లదీ ఐదంతస్తుల భవనమే, వాళ్లు ఉండేదీ రెండో అంతస్తే, మిద్దె మీద సొంత సోలార్ ఉంది. ఉదయం ఆరున్నరకు స్నానాల గదిలో వేణ్ణీళ్ల కుళాయి తిప్పి కింద లీటరు మగ్గు పెట్టాను. మొదటి మగ్గు చల్లగా, రెండోది చల్లగా, మూడోది ఇంకా చల్లగా. నాలుగో మగ్గులో వేలు పెట్టి, వేడెక్కిందా లేక నా వేలే మొద్దుబారిందా అని తడుముకున్నాను. ఐదులో గోరువెచ్చన తగిలింది. ఏడో మగ్గుకు పొగలు వచ్చాయి. తలుపు బయటి నుంచి పిన్ని, "స్నానం చేస్తున్నావా, నీళ్లు కొలుస్తున్నావా నాయనా?" అని కేక వేసింది. ఆవిడ ఆ ఆరేడు మగ్గులను రోజూ తూములోకి వదిలేస్తోంది, ఇంట్లో నలుగురూ అంతే. మునిసిపాలిటీ నీళ్లు రాని రోజున ట్యాంకరు కొనుక్కునే ఇల్లు అది.

మీ ఇంటికీ ఇదే లెక్క వస్తుంది. మిద్దె మీద స్టాండు నుంచి డక్టు దాకా, అక్కడి నుంచి మూడు అంతస్తుల కిందికి, మీ గోడల్లోంచి కుళాయి దాకా తక్కువలో తక్కువ 23 మీటర్ల పైపు. వేణ్ణీళ్లకు వేసే ముప్పాతిక అంగుళం సీపీవీసీ పైపులో మీటరుకు పావు లీటరు నీళ్లు నిలుస్తాయి. మొత్తం దాదాపు ఆరు లీటర్లు. డీలరు ధారాళంగా రావాలని అంగుళం పైపు వేశాడంటే తొమ్మిది దాటుతుంది. కుళాయి తిప్పిన ప్రతిసారీ ముందు ఆ చల్లారిన నీళ్లు రావాలి. కట్టేసిన ప్రతిసారీ అన్ని వేడి నీళ్లు పైపులో చిక్కి చల్లారిపోవాలి. నాలుగింటికి అత్తగారు, ఆరింటికి మీరు, ఏడింటికి పిల్లలు, ఎనిమిదింటికి మీవారు ఇలా విడివిడిగా స్నానం చేస్తే, మీరు వాడే 45 లీటర్లకు మరో 24 లీటర్ల దాకా పైపు తాగేస్తుంది. పైపుకు నల్లటి ఫోము తొడుగు వేస్తే గంటలోపు స్నానాలకు మేలు చేస్తుంది. రాత్రంతా నిలిచిన నీళ్లను ఏ తొడుగూ కాపాడలేదు.

ఐదో అంతస్తువారికి అదే పైపు ఏడెనిమిది మీటర్లు, రెండు లీటర్లు. వాళ్ల ఉత్సాహంలో తప్పు లేదు. వాళ్లకు పెట్టుకోమనే చెబుతాను.

హక్కు సంగతి అడిగారు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం మెట్లు, లిఫ్టు, పైకప్పు ఇవన్నీ ఉమ్మడి ఆస్తి. ప్రతి ఫ్లాటు యజమానికీ విడదీయని వాటా ఉంటుంది. మిద్దె పై అంతస్తువాళ్లదనే నమ్మకం మన ఊళ్లో ఎందుకో గట్టిగా పాతుకుపోయింది, అది తప్పు. మీ సెక్రటరీ తనంతట తాను వద్దనడానికి లేదు, మీకై మీరు ఎక్కించడానికీ లేదు. కాగితం మీద అర్జీ ఇచ్చి, సభ్యుల సమావేశంలో పెట్టించి, తీర్మానం రాయించుకోవాలి. ఆయన భయం కూడా ఊహించగలను. 200 లీటర్ల ట్యూబుల సోలార్ నిండుగా ఉంటే, ట్యూబుల్లో నీళ్లు, స్టాండు, ట్యాంకు కలిసి 300 కిలోలు తేలిగ్గా దాటుతుంది. నాలుగు కాళ్ల మీద నిలిచే బరువు అది. దూలం మీద కాక పైకప్పు నడుమ పెట్టినా, కాళ్లు బిగించడానికి మిద్దెకు రంధ్రాలు చేసి నీళ్లు దిగకుండా వేసిన పూతను చిల్లులు పొడిచినా, మొదటి వానకు ఐదో అంతస్తువాళ్ల పడకగదిలో మరకలు కడతాయి. అప్పుడు అందరూ తలుపు తట్టేది సెక్రటరీ ఇంటినే. మీకు ఇస్తే రేపు ఇరవై ఫ్లాట్లవాళ్లూ అడుగుతారన్న లెక్క కూడా ఆయన మనసులో ఉంటుంది, అందులో న్యాయం ఉంది.

సబ్సిడీ మాటలో డీలరు మిమ్మల్ని తప్పుదోవ పట్టించాడు, తెలిసి చేశాడో తెలియక చేశాడో గానీ. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కరెంటు పుట్టించే సోలార్ పలకలకు మాత్రమే. నీళ్లు కాచే సోలార్‌కు అది వర్తించదు. వాటర్ హీటర్లకు మనలాంటి రాష్ట్రాల్లో కేంద్రం ఇచ్చే రాయితీ 2014లోనే ఆగిపోయింది. అయితే ఆ సూర్యఘర్‌లోనే మీ అపార్ట్‌మెంటుకు పనికొచ్చేది ఒకటుంది. లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల దీపాలు వంటి ఉమ్మడి అవసరాల కోసం నివాస సంఘాలు సోలార్ పలకలు పెట్టుకుంటే కిలోవాటుకు 18,000 రూపాయల సాయం ఇస్తారు. ఏడాది పొడవునా ప్రతి రోజూ పుట్టిన ప్రతి యూనిటూ ఖర్చయ్యే చోటు అది. నెల నెలా మీరు కట్టే మెయింటెనెన్సు తగ్గుతుంది. సెక్రటరీ గారితో మిద్దె గురించి మాట్లాడాలనుకుంటే ఈ కాగితం పట్టుకుని వెళ్లండి, కాఫీ ఇచ్చి కూర్చోబెడతారు. మన కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం ఉన్నది కూడా తిరుపతిలోనే.

ఇక ట్యూబులా, పలకా అన్న ప్రశ్న. ఇది ఐదో అంతస్తువాళ్ల కోసం రాస్తున్నాను, వాళ్లకు చదివి వినిపించండి. పలక అంటే గట్టి అద్దం కింద నల్ల పూత పూసిన రాగి రేకు, దానికి అతికించిన వేలు లావు రాగి గొట్టాలు. దృఢంగా ఉంటుంది, ఎక్కువ కాలం వస్తుంది, ధర ఎక్కువ. ట్యూబులవి ఒక గొట్టంలో ఇంకో గొట్టం, మధ్య గాలి తీసేసిన శూన్యం, ఫ్లాస్కులాగా. ధర తక్కువ, చల్లగాలి వీచే రోజుల్లోనూ వేడిని బాగా పట్టుకుంటాయి. తేల్చేది మీ నీళ్లు. కల్యాణి డ్యాము నీళ్లో, తెలుగుగంగ నీళ్లో వచ్చే ఇళ్లకు పలక పెట్టుకోవచ్చు. బోరు మీద బతికే అపార్ట్‌మెంటయితే ఆ వేలు లావు రాగి గొట్టాల్లో సున్నం పేరుకుని, మూడు నాలుగేళ్లలో గుండె జబ్బు మనిషి రక్తనాళాల్లా పూడుకుపోతాయి. ట్యూబు వెడల్పుగా ఉంటుంది కాబట్టి అడుగున సున్నం చేరినా కొన్నాళ్లు పని నడుస్తుంది, ఏడాదికోసారి విప్పి కడుక్కోవచ్చు. మీ నీళ్లు ఎలాంటివో తెలియాలంటే పరీక్షకు ఇచ్చి, మొత్తం కాఠిన్యం ఎంతో చూడండి. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటుంది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. చేతిలో పట్టుకుని ముంచే టీడీఎస్ మీటరు చూపించి డీలరు ఏదో అంకె చెబితే నమ్మేయకండి, అది అన్ని లవణాలనూ కలిపి చూపిస్తుంది, సున్నం ఎంతో చెప్పదు. ఇంకా సులువైన పరీక్ష, మీ వంటింట్లో నీళ్లు కాచే గిన్నె అడుగు చూడటం.

ట్యూబులకు రెండు గండాలు. ఒకటి కోతులు. కపిలతీర్థం, అలిపిరి వైపు ఇళ్లవాళ్లకు చెప్పనక్కరలేదు, ఇప్పుడు ఊరి లోపలికీ వస్తున్నాయి. ట్యాంకు మీద కూర్చుని గాజు గొట్టాల మీద జారడం వాటికి ఆట. ఒక్క ట్యూబు పగిలితే ఆ ఒక్కటే పోదు. అన్నీ ట్యాంకులోకే తెరుచుకుని ఉంటాయి కాబట్టి ట్యాంకు నీళ్లన్నీ ఆ కంతలోంచి మిద్దె మీదికి కారిపోతాయి. పైన ఇనుప జాలీ వేయించాలి. రెండోది, నీళ్లు రాక ట్యాంకు ఖాళీ అయిపోయి, మధ్యాహ్నం దాకా ఎండలో ఉత్త ట్యూబులు కాలిపోతూ ఉండగా మోటారు వేయడం. చన్నీళ్లు తగలగానే గాజు ఫట్టున పగులుతుంది. అలాంటి రోజున సోలార్‌కు వెళ్లే వాల్వు కట్టేసి, మర్నాడు ఎండ ఎక్కకముందే తెరవాలి.

ముఖం దక్షిణానికి పెట్టాలి. తిరుపతిలో ఉత్తరం ఎటో ఎవరినీ అడగనక్కరలేదు, కొండ ఉన్న వైపే ఉత్తరం. దేవుడికి వీపు పెట్టడమా అని మా ఇంట్లో పెద్దవాళ్లు కాస్త నసిగారు గానీ, కొండకు ఎదురుగా తిప్పితే చలికాలపు ఎండ దానికి అందదు. మనది దాదాపు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం. డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 53 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. అందుకని వాలు 25 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంచాలి. ఏ డిసెంబరులోనో ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం మూడుకు మిద్దె ఎక్కి, లిఫ్టు గది నీడ, పక్క భవనం నీడ ఎక్కడ పడుతున్నాయో సుద్దముక్కతో గీసుకోవడం మంచిది. మే నెలలో చూసి పెట్టుకున్న చోటు డిసెంబరులో నీడలో ఉంటుంది.

పైపు దగ్గర నాకు తగిలిన దెబ్బ కూడా చెబుతాను. మాకు మొదట బిగించిన మనిషి, పేరెందుకులెండి, వేణ్ణీళ్ల లైనులో నాలుగు మీటర్లు మామూలు తెల్ల పీవీసీ వేసి పైన రంగు పూసేశాడు. చలికాలం బాగానే గడిచింది. మే రెండో వారంలో మిద్దె ఎక్కితే, ఆ పైపు రెండు క్లాంపుల మధ్య పొట్లకాయలా కిందికి సాగి వేలాడుతోంది. మామూలు పీవీసీ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది. వేసవిలో సోలార్ 90 దాటుతుంది. సీపీవీసీ అని పైపు ఒంటి మీద అచ్చు వేసి ఉంటుంది, బిగించే రోజున దగ్గర నిలబడి చదవండి. అలాగే ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగు సోలార్ ట్యాంకు నెత్తికన్నా ఎత్తులో ఉందో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే నీళ్లు ఎక్కవు, తర్వాత మళ్లీ దిమ్మ కట్టించాలి. గాలి గొట్టం చివర మూత పెడతానంటే ఒప్పుకోకండి. బిల్లులో జీఎస్టీ కూడా చూడండి, 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ వాటర్ హీటర్‌కు అది 12 నుంచి 5 శాతానికి తగ్గింది.

మీ నిలువు వరుసలో పైనున్న మూడు, నాలుగు, ఐదు అంతస్తులవాళ్లు, మీరు కలిసి ఒకే సోలార్ పెట్టుకుంటే ఎలా ఉంటుందని మీకు ఆలోచన రావచ్చు. పని చేస్తుంది. నలుగురి స్నానాలూ ఒకే పైపు మీద నడుస్తాయి కాబట్టి అది చల్లారదు, బరువూ ఒక్కచోటే, సెక్రటరీకీ అభ్యంతరం తగ్గుతుంది. కానీ ట్యాంకు లీటర్లలో కొంటాం, తగువు బకెట్లలో వస్తుంది. మీ పైవాళ్ల స్వభావం మీకే తెలియాలి.

ఇవన్నీ వద్దనుకుంటే మీరు చేయవలసింది చిన్నదే. అత్తగారు వాడే స్నానాల గదిలో 15 లీటర్ల, 2 కిలోవాట్ల గీజరు, ఎక్కువ నక్షత్రాలున్నది చూసి పెట్టించండి. 16 ఆంపియర్ల సాకెట్టు, గట్టి ఎర్తు ఉండాలి, స్విచ్ గది బయట ఉండాలి. 60 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే ఇరవై నిమిషాల్లో కాగుతుంది. ఆ 15 లీటర్లు చన్నీళ్లతో కలిపితే 33 లీటర్లు, అంటే ఒకటిన్నర బకెట్ పైనే. పెద్దావిడ చేత మూడున్నరకు లేచి స్విచ్ వేయించనక్కరలేదు, గీజరు లోడును మోసే టైమరు ఒకటి పెట్టిస్తే చాలు. స్నానానికి వెళ్లే ముందు స్విచ్ ఆపే అలవాటు మాత్రం చేయించండి. మీది బోరు నీళ్లయితే లోపలి మెగ్నీషియం కడ్డీని రెండేళ్లకోసారి విప్పించి చూడాలి. అది అరిగిపోతే ఆ తర్వాత అరిగేది ట్యాంకే. రెండో గదివాళ్లు ఆ గదిలోకే వచ్చి స్నానం చేస్తే మరీ మంచిది, రెండు గీజర్లు కొనే పని లేదు. గ్యాసు గీజరు చవక అని ఎవరైనా చెబితే, తలుపు వేసిన చిన్న స్నానాల గదిలో దాన్ని పెట్టనివ్వకండి. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, మనిషి కింద పడేదాకా తెలియదు.

ధనుర్మాసం గురించి ఒక ముక్క, ఐదో అంతస్తులోనూ ఎవరైనా అంత పొద్దున్నే లేచేవారుంటే పనికొస్తుంది. నాలుగింటికి వచ్చేవి నిన్నటి ఎండకు కాగిన నీళ్లు. రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో నలుగురు వేణ్ణీళ్లు తోడేస్తే, తోడినంతా చన్నీళ్లు ట్యాంకులోకి దిగుతాయి, తెల్లవారేసరికి వేడి పలచబడిపోతుంది. సోలార్ ఉన్న ఇంట్లో ఆ నెల రోజులూ సాయంత్రం స్నానాలు మానుకోవాలి, లేదా చన్నీళ్లతో కానివ్వాలి.

మీరిచ్చిన 2,000 అడ్వాన్సు డీలరు వెనక్కి ఇవ్వనంటే గొడవ పడకండి. ఐదో అంతస్తువాళ్లు ఎలాగూ కొంటామంటున్నారు కదా, వాళ్ల పేరు మీదికి మార్చమనండి. ఆ 2,000 వాళ్ల దగ్గర తీసుకోండి. వాళ్లకు మాత్రం 200 లీటర్లు అంటగట్టకుండా చూడండి, వాళ్ల ఇంట్లో బకెట్లు కూడా ముందు లెక్కపెట్టించండి.